విఠల్ మోకాలు

కోరుట్ల బస్టాండులో సిరిసిల్ల బస్సు ఎక్కినప్పుడు రంజిత్‌కు కిటికీ పక్క సీటు దొరికింది, ఇంకో రోజైతే సంతోషపడటానికి అది చాలు, కానీ ఇవాళ ఈ బస్సు తనను తీసుకుపోతున్నది విఠల్ ఇంటికి, విఠల్ పేరు పిలుస్తారో లేదో చూడటానికి, పిలిస్తే అందరికంటే ముందు చప్పట్లు కొట్టడానికి. హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్లో కబడ్డీ లీగ్ జట్లవాళ్లు ఈపాటికి కూర్చుని ఉంటారు, కాలేజీల్లో ఆడే పిల్లలను వంతులవారీగా ఒక్కొక్కరినీ ఎంచుకుంటారు, దాన్ని డ్రాఫ్ట్ అంటారు, జగిత్యాల కాలేజీ గ్రౌండులో ఆ మాట మొదట పలికింది తనే, మిగతావాళ్లకు దాని అర్థం చెప్పిందీ తనే. జట్టంతా విఠల్ ఇంటి దగ్గర ఉండాలని ఆటల సార్ చెప్పారు, కెప్టెన్ తప్పకుండా ఉండాలన్నారు, ఆ కెప్టెన్ అనే మాటను ఆయన దెబ్బ మీద మందు రాసినట్టు మెత్తగా అన్నారు, ఆ మెత్తదనమే రంజిత్‌కు ఇంకా మంటగా ఉంది. బస్సు ఎక్కేముందే తల్లి, అవ్వ, చెప్పిన పని కూడా అయిపోయింది. బస్టాండు వెనక మెట్లెక్కి గల్ఫ్ ఏజెంటు ఆఫీసులో పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాడు, ఏజెంటు అతని భుజాలను పట్టి చూసి, గోదాములో బరువులెత్తే పనికి ఇటువంటివాళ్లే కావాలని మెచ్చుకున్నాడు. రోజూ తెల్లవారకముందే పరుగెత్తి, గుంజీలు తీసి, నానబెట్టిన శనగలు తిని పెంచుకున్న భుజాలు. ఎవరో ఒకరికి నచ్చాయి కదా అనుకున్నాడు, అనుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు, పసుపు పొలాలు, వాటి వెనక ఎండకు మెరుస్తున్న కాలువ, ఏదీ కంటికి ఆనలేదు, ప్రతి దాని మీదా విఠల్ ముఖమే ఉంది.

వాడు కాలేజీలో చేరిన కొత్తలో సన్నగా, సాంచె మీది, అంటే మరమగ్గం మీది, నూలు పోగులా ఉండేవాడు, సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి నుంచి వచ్చిన పద్మశాలి పిల్లవాడు, చిన్నప్పటి నుంచి సాంచెల చప్పుడులో పెరిగాడు కాబట్టి ఎవరితో మాట్లాడినా గట్టిగా మాట్లాడేవాడు, హాస్టల్ గదిలో అందరూ నవ్వేవాళ్లు. వాళ్ల నాయన ఇక్కడ సాంచెలు ఆగిపోయినప్పుడల్లా మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల పనికి పోయేవాడు, మళ్లీ ఆర్డర్లు వచ్చాయంటే తిరిగి వచ్చేవాడు, అక్కడ తెచ్చుకున్న దగ్గు మాత్రం వచ్చిన ప్రతిసారీ పెరిగేది. ఆ సంగతులన్నీ విఠల్ నవ్వుతూనే చెప్పేవాడు. వాడి మీద రంజిత్‌కు మొదట కలిగింది జాలి, ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలి ఎంత హాయిగా ఉండేదో. వాడికి కూత పట్టడం నేర్పింది తను, ఒకే ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటి పోయి, తిరిగి వచ్చేదాకా ఊపిరి ఎట్లా దాచుకోవాలో నేర్పింది తను, మూలన నిలబడ్డవాడి చెయ్యి చీలమండ మీద పడబోతున్నదని వాడి కళ్లను బట్టి ఎట్లా కనిపెట్టాలో చెప్పిందీ తనే. నేర్పుతున్నప్పుడు గురువులా అనిపించేది. అయితే ఒకనాడు ఎప్పుడో, ఏ నాడో సరిగా గుర్తులేదు, బహుశా వర్షం వచ్చి మట్టి గ్రౌండు జారుతున్న రోజు, తను నేర్పని ఒక మలుపు విఠల్ తిరిగాడు, ఎడమకు పోతున్నట్టు పోయి, ఉన్నచోటే గిరుక్కున తిరిగి, పట్టబోయినవాడి చేతుల కింది నుంచి జారి ఇవతలికి వచ్చి పడ్డాడు, అందరూ అరిచారు, సార్ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయారు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే ఎక్కడా నేర్చుకోలేదు, అట్లా వచ్చిందన్నాడు. తను పరుగెత్తి, చెమటోడ్చి, పడి లేచి తెచ్చుకున్నది వాడికి అట్లా వచ్చింది. ఆ రోజు సాయంత్రం గదిలో విఠల్ ఎప్పటిలా తన కంచంలోంచి కోడిగుడ్డు తీసి రంజిత్ కంచంలో వేస్తే, వాడి చెయ్యి తగిలిన ఆ గుడ్డు తినబుద్ధి కాలేదు. తిన్నాడు, కానీ తినబుద్ధి కాలేదు.

బస్సు కుదుపుకు ముందు సీటు కడ్డీ మోకాలికి తగిలింది. మోకాలు. వద్దు, ఆ సంగతి ఇప్పుడు వద్దనుకుని కళ్లు మూసుకుంటే కళ్ల లోపల ఆ ఆట మొదలైంది, రోజుకు ఎన్నిసార్లు మొదలవుతుందో, ప్రతిసారీ అదే తీరుగా అయిపోతుంది. యూనివర్సిటీ కాలేజీల ఫైనలు, జగిత్యాలలోనే, సొంత గ్రౌండు, కొత్తగా తెచ్చి పరిచిన నీలం మ్యాటు, గోడల మీద కూడా పిల్లలే, కుర్చీల్లో ముందు వరుసన లీగ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో పొట్టిగా, తెల్ల షర్టు వేసుకున్నాయన ఆటకు ముందే రంజిత్‌ను పక్కకు పిలిచి, నీ వీడియోలు చూశాం, నీకోసమే ఇంత దూరం వచ్చామని చెప్పి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాడు. అప్పుడు కూడా కొంచెం అవతల విఠల్ బెంచి మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు, విన్నాడో లేదో. ఆ పొద్దున మస్కట్ నుంచి తండ్రి, బాపు, ఫోన్ చేశాడు. కథలాపూర్‌లో తాళ్లెక్కి కల్లు గీసే పని వదిలి గల్ఫ్ పోయిన బాపు, భూమయ్య, ఇంత మెల్లగా మాట్లాడగలడని రంజిత్‌కు తెలియదు. కంపెనీ మూతపడ్డదని, జీతాలు లేవని, క్యాంపులో ఎవరో దయగలవాళ్లు తెచ్చిన రొట్టెలు పంచుకుంటున్నామని చెప్పి, గిదంత అవ్వకు చెప్పకు కొడుకా, నువ్వు ఆటాడు అన్నాడు. ఆ మాటే తనను ముంచిందని ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు, సార్‌కూ అదే చెప్పాడు, సార్ జాలిపడ్డారు. మొదటి కూతకు పోతే పట్టుకున్నారు. మళ్లీ పోతే పట్టుకున్నారు. మూడోసారి గీత దాటిన కాళ్లు తనవి కాదన్నట్టుగా ఉన్నాయి, ఒక్కడినీ తాకకుండా ఊపిరి ఉండగానే వెనక్కి వచ్చాడు, గోడల మీది పిల్లలు నవ్వారు. చివరికి సార్ చెయ్యెత్తి తనను పిలిచి విఠల్‌ను పంపారు. విఠల్ జాకెట్ విప్పి తన ఒడిలో పడేసి పోయాడు, వెచ్చగా ఉంది ఆ జాకెట్, దాన్ని ఒడిలో పెట్టుకునే తను మిగతా ఆటంతా చూశాడు, వాడు ఒంటరిగా పోయి ఇద్దరిని తాకి రావడం, వాడి మలుపు, జనం లేచి నిలబడటం, తెల్ల షర్టాయన ముందుకు వంగి పక్కవాడి చెవిలో ఏదో అడగటం. ఏమడిగాడో రంజిత్‌కు వినబడలేదు, కానీ తెలిసిపోయింది. ఆ పిల్లవాడి పేరేమిటని అడిగి ఉంటాడు.

కథలాపూర్ వచ్చింది. సొంతూరు. దిగితే కాలి నడకన ఇల్లు, అరుగు మీద అవ్వ, లసుమవ్వ, చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది, పాస్‌పోర్టు ఇచ్చినవా అని తలెత్తకుండా అడుగుతుంది, ఇచ్చిన అంటాడు, అంతే, ఎవరి పేరు పిలిచారో ఎవరు కూత పెట్టారో ఏదీ ఆమెకు పట్టదు. దిగిపోవాలనిపించింది. లేచాడు కూడా. తునికాకు మూట నెత్తిన పెట్టుకున్న ఒక ముసలమ్మ ఎక్కుతూ అతని సీటు చూసి, దిగుతున్నవా కొడుకా అని అడిగింది, లేదమ్మా అని మళ్లీ కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో వెంటనే తెలిసింది, తెలిసి సిగ్గుపడ్డాడు. ఒకవేళ విఠల్ పేరు ఎవరూ పిలవకపోతే? అప్పుడు వాడి ముఖం ఎట్లా ఉంటుందో చూడాలి. దాని కోసం సిరిసిల్లేమిటి, అంతకంటే దూరమైనా పోగలడు. ఆ ఆట అయిన రోజు గదికి వచ్చాక విఠల్ ప్యాంటు పైకి జరిపితే ఎడమ మోకాలు ఉబ్బి, చిప్ప ఎక్కడుందో తెలియకుండా ఉంది. దాని సంగతి రంజిత్‌కు ముందే తెలుసు. అంతకు కొన్నాళ్ల కింద ప్రాక్టీసులో పక్కకు మెలిపడి లోపల ఏదో టక్కుమంది, సార్‌కు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు, వాళ్లమ్మ పంపిన చీర ముక్క గట్టిగా చుట్టి ఆడుతూ వచ్చాడు. ఆ రోజు గదిలో ఐసు ముక్కలు తెచ్చి తువాలులో కట్టి ఆ మోకాలి మీద పట్టుకున్నది రంజితే. పట్టుకుని, ఇప్పుడు కొంచెం గట్టిగా నొక్కితే, అనుకున్నాడు. నొక్కలేదు. అనుకున్నాడు, అంతే. కానీ ఆ అనుకోవడం చేతి వేళ్లలో ఇంకా ఉంది.

రుద్రంగి దాటిన తర్వాత ఫోన్ మోగింది. తెర మీద ఆ తెల్ల షర్టాయన పేరు. బస్సంతా వెలుగొచ్చినట్టయింది. తనకే. చివరి నిమిషంలో ఎవరో తప్పుకుని ఉంటారు, లేకపోతే వీడియోలు మళ్లీ చూసి ఉంటారు, ఒక్క ఆటదేముంది అనుకుని ఉంటారు. ఏజెంటు దగ్గరికి ఎట్లా పరుగెత్తి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోవాలో కూడా ఆ క్షణంలోనే ఆలోచించేశాడు.

"రంజితేనా? ఒక చిన్న మాట. విఠల్ గురించి," అన్నాడు ఆయన. "నువ్వు కెప్టెన్‌వి, ఒకే గదిలో ఉన్నారు, నీకు తెలియనిది ఉండదు. మాది చివరి వంతు, ఆ పిల్లవాడి మీద మనసుంది. ఎడమ కాలు ఆనించేటప్పుడు కొంచెం తేడాగా ఆనిస్తున్నాడని మా కోచ్‌కు అనుమానం. మోకాలు బాగానే ఉందా?"

బస్సు ఏదో కల్వర్టు మీద ఎగిరి పడింది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. అబద్ధం కూడా కాదు, చాడీ కూడా కాదు, పెద్ద మనిషి అడిగాడు, కెప్టెన్ చెప్పాడు, మోకాలు వాపున్నది సార్, అంతే, ఇంత సులువుగా, ఇంత మర్యాదగా ఒక మనిషిని కింద పడేయవచ్చు.

"మంచిగున్నది సార్," అన్నాడు. "ఏం లేదు. గట్టిగుంటడు."

ఆయన సంతోషపడి ఫోన్ పెట్టబోతుంటే రంజిత్ ఆపాడు. అడగకూడదనుకుంటూనే తన సంగతి అడిగాడు. అవతల కాసేపు ఏదో మైకు చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన, పాయింట్లు పోవడం పెద్ద విషయం కాదని, ఎంత గొప్పవాడికైనా ఒక చెడ్డ రోజు ఉంటుందని, నిజంగానే అందరూ రంజిత్ మీదే ఆశ పెట్టుకుని వచ్చారని చెప్పాడు.

"కానీ నువ్వు గీత దాటే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి బెంచివైపు చూశావు. అది మా కోచ్‌కు నచ్చలేదు. ముందున్న ఏడుగురిని చూడనివాడిని ఏం చేసుకుంటామని అడిగాడు. ఆ తర్వాత నీ పేరు ఎవరూ ఎత్తలేదు," అన్నాడు. వచ్చే ఏడు చూద్దామని కూడా అన్నాడు.

ఫోన్ చల్లబడేదాకా చెవికే పెట్టుకుని కూర్చున్నాడు రంజిత్. బెంచి. బెంచి మీద ఎవరున్నారు? బాపు లేడు. మస్కట్ క్యాంపూ లేదు, రొట్టెలూ లేవు. విఠల్ ఉన్నాడు, కాళ్లు చాపి, ఒళ్లు విరుచుకుంటూ, జాకెట్ గుండీలు పెట్టుకుంటూ తీసుకుంటూ. మొదటి కూతకు పోయే ముందే తను చూశాడు, వాడు నవ్వుతున్నాడా అని. పట్టుబడి బయటికి వచ్చేటప్పుడు చూశాడు, నవ్వుతున్నాడా అని. పాపం బాపు పేరు చెప్పి ఇన్నాళ్లు తనను తాను నమ్మించుకున్నాడు, సార్‌ను నమ్మించాడు, ఆకలితో ఉన్న మనిషి నెత్తిన తన ఓటమిని కూడా పెట్టాడు. అవతల ఏడుగురితో ఆడవలసిన ఆట వెనక కూర్చున్న ఒక్కడితో ఆడి ఓడిపోయాడు. సరే, కనీసం ఇప్పుడు మంచి మాట చెప్పాను కదా, వాడికి అడ్డం పడలేదు కదా అనుకున్నాడు, చందుర్తి దాటేదాకా ఆ మంచితనం ఒంటికి కాస్త చల్లగా తగిలింది. వేములవాడలో బస్సు ఆగి, గుడికి వచ్చినవాళ్లు గుడికి కోడెను కట్టే మొక్కుల సంగతులు మాట్లాడుకుంటూ ఎక్కుతుంటే, ఎక్కడి నుంచో అసలు సంగతి కూడా వాళ్లతో పాటు ఎక్కి పక్కన కూర్చుంది. మంచిగున్నది సార్ అని నోరు అన్నప్పుడు కళ్లకు కనబడ్డది వేరు. పెద్ద స్టేడియం, దీపాలు, టీవీలు, విఠల్ ఎడమకు పోతున్నట్టు పోయి గిరుక్కున తిరగడం, లోపల టక్కుమనడం, అందరూ చూస్తుండగా రెండు చేతులతో మోకాలు పట్టుకుని పడిపోవడం. ఇప్పుడే నిజం చెబితే వాడు తంగళ్ళపల్లిలోనే ఉండిపోతాడు, పాపం అంటారు, అదృష్టం లేదంటారు. అట్లా కాదు. వాడు పైకి పోయి అక్కడి నుంచి పడాలి. అందుకే మంచిగున్నదన్నాడు. తన మనసు ఇంత లోతుకు పోగలదని తెలిసి, మళ్లీ ఫోన్ చేసి నిజం చెబుదామా అనుకున్నాడు, చెబితే అదీ ఈర్ష్యే అవుతుంది, చెప్పకపోతే ఇదీ ఈర్ష్యే, ఎటు దిగినా అదే ఊరు.

సిరిసిల్లలో దిగి ఆటోలో తంగళ్ళపల్లి చేరేసరికి విఠల్ ఇంటి ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. విఠల్ తల్లి మొగిలవ్వ ఎదురొచ్చి, కెప్టెన్ అచ్చిండని లోపలికి కేకేసి, అతని రెండు చేతులూ పట్టుకుని, నీ పుణ్యాననే మావోడు గింతదాక అచ్చిండు కొడుకా అంది. రంజిత్ ఆమె చేతుల్లోంచి తన చేతులు తీసుకోలేకపోయాడు. ఇంటి వెనకే రేకుల షెడ్డు, అందులో రెండు సాంచెలు నడుస్తున్నాయి, ఒప్పుకున్న బట్ట సాయంత్రానికి దింపాలని విఠల్ నాయన దగ్గుతూనే వాటి మధ్య తిరుగుతున్నాడు, ఈ పొద్దు కూడా ఆపలేదు. ముందు గదిలో టీవీకి ఫోన్ తగిలించి జట్టంతా నేల మీద కూర్చుంది. పేర్లు పిలుస్తున్నారు. హర్యానా పిల్లలు, మహారాష్ట్ర పిల్లలు, ఎక్కడెక్కడివాళ్లో. ఒక్కో పేరుకు గదిలో ఊపిరి ఆగి మళ్లీ వస్తున్నది. విఠల్ గోడకు ఆనుకుని ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాడు, వాడి ముఖం చూడటానికే ఇంత దూరం వచ్చిన రంజిత్ ఆ ముఖాన్ని తప్ప అన్నిటినీ చూశాడు. చివరి వంతు వచ్చింది. టీవీలో తెల్ల షర్టాయన లేచి మైకు దగ్గరికి నడిచాడు, విఠల్ పేరును కొంచెం తప్పుగా పలికాడు, అయినా అది విఠల్ పేరే. గది కప్పు లేచిపోయేట్టు అరిచారు. రంజిత్ చప్పట్లు కొట్టాడు. అరచేతులు మండేదాకా కొట్టాడు, గుండెలో కూడా అదే మంట.

ఆ గోలలోనే విఠల్ అతని మెడ మీద చెయ్యేసి వెనక షెడ్డులోకి తీసుకుపోయాడు. అక్కడ సాంచెల చప్పుడుకు పక్కనున్నవాడి మాట పక్కనున్నవాడికే వినబడుతుంది. తెల్ల షర్టాయన రంజిత్‌తో మాట్లాడిన వెంటనే తనకూ ఫోన్ చేశాడని, మోకాలు బాగా లేదని, లోపల ఏదో తెగినట్టుందని తనే చెప్పేశానని విఠల్ అన్నాడు. పోతే పోనీ అనుకుని చెప్పాడట. వాళ్లు ఆలోచించి మళ్లీ ఇందాక ఫోన్ చేశారట, ఆపరేషన్ మేమే చేయిస్తాం, ఈ ఏడు కాకపోయినా వచ్చే ఏడు ఆడతావు అన్నారట.

"నీ సంగతి చెప్పి నవ్విండు ఆ లీగ్ సార్. మీ కెప్టెన్ నీకోసం అబద్ధమాడిండు, గసొంటి దోస్తు దొరుకడన్నడు," అన్నాడు విఠల్. ఆ మాట అంటూ వాడు నవ్వలేదు. కింద పడ్డ నూలు చిక్కును కాలితో పక్కకు తోశాడు. "నీకొకటి చెప్పాలె రంజిత్. ఫైనల్ దినం బెంచి మీద కూసోని, నిన్ను ఆళ్లు పట్టాల్నని కోరుకున్న. పట్టినప్పుడల్ల నాకు పానం లేసొచ్చింది. నువ్వు నా దిక్కు చూసినప్పుడు ముఖం ఎట్ల పెట్టాల్నో తెలువలే."

అంటే వాడు లోలోపల నవ్వుతూనే ఉన్నాడు. తను అనుకున్నది నిజమే. కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దాని కంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఈ మాట చెప్పడంలో కూడా వాడే ముందున్నాడు. మోకాలి సంగతి వాళ్లకు చెప్పడంలో ముందున్నాడు, మనసులోది తనకు చెప్పడంలో ముందున్నాడు, తను గీత దగ్గరే నిలబడి ఉంటే వాడు అవతలికి పోయి తాకి, తిరిగి కూడా వచ్చాడు. ఆ కుళ్లే రంజిత్ నోరు తెరిపించింది.

"నీ మోకాలు మంచిగున్నదని ఎందుకు చెప్పిన్నో ఎరికేనా?" అన్నాడు.

విఠల్ తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఆడికి పోయి, అందరి ముందట పడాల్నని."

విఠల్ చెయ్యి అతని మెడ మీది నుంచి జారింది. సాంచెలు కొట్టుకుంటూనే ఉన్నాయి. విఠల్ నాయన దగ్గుతూ వచ్చి, వాళ్లిద్దరి మధ్య నుంచి పోయి, తెగిన పోగు ముడివేసి మళ్లీ అవతలికి పోయాడు.

"పడనురా," అన్నాడు విఠల్ చివరికి. "నువ్వు కోరుకుంటున్నవని తెలిసినంక అసలే పడ."

"చూద్దాం."

"చూడు. ఏడ ఉండి చూస్తవ్?"

పాస్‌పోర్టు ఏజెంటుకు ఇచ్చానని, ఇంకో రెండు నెలల్లో గోదాము పనికి పోతున్నానని రంజిత్ చెప్పాడు. బాపు సంగతి కూడా చెప్పాడు, ఇంతవరకు అవ్వకు కూడా చెప్పనిది. ఇంతలో ముందు నుంచి సార్ పిలిచారు, పేపరుకు పంపడానికి జట్టుతో ఫోటో తీయాలట.

వాకిట్లో అందరూ వరుసలో నిలబడ్డారు. అలవాటు కొద్దీ రంజిత్ నడుమ నిలబడ్డాడు, ఎప్పుడూ కెప్టెన్ నిలబడే చోటే. ఫోటో తీస్తున్నాయన ఎంపికైన అబ్బాయి నడుమకు రావాలన్నాడు. సార్ రంజిత్ వైపు చూసి, కొంచెం జరుగు అన్నట్టు చెయ్యి ఊపారు. రంజిత్ జరగలేదు. వినబడనట్టు ముందుకే చూస్తూ నిలబడ్డాడు, మొగిలవ్వ చూస్తున్నా, జట్టంతా చూస్తున్నా, ఈ ఒక్కటీ ఇవ్వను అనుకున్నాడు. విఠల్ మెల్లగా కుంటుకుంటూ వచ్చాడు, ఈసారి ఆ కుంటును దాచలేదు, వచ్చి అతని పక్కన ఇరుకులో దూరి, ఎడమ కాలు నేల నుంచి ఎత్తి, తన బరువంతా రంజిత్ భుజం మీద వేశాడు. బరువుగా ఉన్నాడు. నూలు పోగులాంటివాడు ఎప్పుడు ఇంత బరువెక్కాడో. కొంచెం జరగండి, జరగండి అని ఫోటో తీస్తున్నాయన మళ్లీ అంటున్నాడు. ఇప్పుడు జరగాలన్నా వీలుకాదు. జరిగితే వాడు పడిపోతాడు.